ముందు కాపీ, తర్వాతే రిపేరు

‘ఔట్‌లుక్ తెరుచుకోవట్లేదండీ, ఫైలుకి పర్మిషన్ లేదంటోంది. మెయిల్స్ అన్నీ పోయినట్టేనా?’ ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. ఆ గొంతులో భయం వింటే జాలేస్తుంది. నిజానికి చాలాసార్లు ఏమీ పోదు. తలుపుకి తాళం పడిందంతే, ఇల్లు కూలిపోలేదు.

నేను మొదట చూసేది టాస్క్ మేనేజర్. విండో మూసేసినా ఒక్కోసారి ఔట్‌లుక్ లోపల నడుస్తూనే ఉంటుంది, మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైలును వదలదు. అక్కడ ‘ఎండ్ టాస్క్’ నొక్కి మళ్లీ తెరిస్తే చాలాసార్లు మామూలుగా వచ్చేస్తుంది. రాకపోతే వన్‌డ్రైవ్ మీద అనుమానపడాలి. పీఎస్‌టీ ఫైలు సాధారణంగా డాక్యుమెంట్స్‌లోని ‘ఔట్‌లుక్ ఫైల్స్’ ఫోల్డర్‌లో ఉంటుంది. డాక్యుమెంట్స్‌ను వన్‌డ్రైవ్‌కి అప్పగించినవాళ్లకి ఆ ఫైలు విషయంలో ఔట్‌లుక్‌కీ వన్‌డ్రైవ్‌కీ పేచీ వస్తుంది. పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన ఫైలైతే ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ టిక్కు, సెక్యూరిటీలో పాత యజమాని పేరు చూడాలి.

ఒక ఆడిటర్ ఆఫీసులో ఒకే పీఎస్‌టీని సర్వర్‌లో పెట్టి ముగ్గురు వాడుకుంటున్నారు. ఒకరు తెరిస్తే మిగతా ఇద్దరికీ ఎర్రర్. ఆ ఫైలు ఒక్కరి కోసం తయారైనది. నెట్‌వర్క్ మీద పెట్టి వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతోంది.

సైజు సంగతి కూడా ఉంది. ఔట్‌లుక్ 2002 వరకు పీఎస్‌టీ పరిమితి 2 జీబీ. 2003లో 20, 2010 నుంచి 50 జీబీ అయింది. పరిమితికి దగ్గరపడిన ఫైలు మొరాయిస్తుంది.

స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేరు టూల్ ఆఫీస్‌తోపాటే వస్తుంది. దాన్ని చివరికే వాడతాను, అదీ కాపీ తీసుకున్నాకే. బాగుచేయలేని మెయిల్స్‌ను అది తీసిపారేయవచ్చు.

‘ఫైలు డిలీట్ చెయ్, అదే మళ్లీ వస్తుంది’ అనే సలహా నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది. సర్వర్‌లోని మెయిల్స్‌కి నకలుగా ఉండే ఓఎస్‌టీ ఫైలైతే అక్కణ్నుంచి మళ్లీ దిగుతుంది, నిజమే. కానీ మెయిల్స్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ అకౌంట్‌వి దాచిన పీఎస్‌టీకి చాలాచోట్ల వేరే ప్రతే ఉండదు. ఏళ్లనాటి బిల్లులు, ఒప్పందాలు ఒక్క డిలీట్‌తో పోతాయి.

కాబట్టి ఔట్‌లుక్ ఫైల్ మెనూలో అకౌంట్ సెట్టింగ్స్‌కి వెళ్లి డేటా ఫైల్స్ చూడండి. మీ ఫైలు ఎక్కడుందో, ఏ రకమో తెలుస్తుంది. పీఎస్‌టీ అయితే ఔట్‌లుక్ మూసేసి, ఈ వారమే ఒక కాపీ బయటి డిస్కులో పెట్టుకోండి.