తుమ్మముల్లు, బంకమన్ను, కార్బన్

బోర్డు మీద గీసిన కార్బన్ అబద్ధం ఆడుతుంది. నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు చాపి బల్లపరుపుగా పడుకుంటుంది. అసలు కార్బన్ చేతుల మధ్య కోణం 109.5 డిగ్రీలు. 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారుగా ఈ సంగతి బయటపెట్టేదాకా శాస్త్రజ్ఞులు కూడా కాగితం మీది బొమ్మతోనే నెట్టుకొచ్చారు.

అందుకే బత్తలపల్లిలో ఇంటర్ పిల్లలకు ఆల్కేన్లు మొదలుపెట్టేటప్పుడు సుద్దముక్క పట్టుకోను. బంకమన్ను, తుమ్మముళ్లు తెమ్మంటాను. వానలకే తప్ప ముళ్లకు మా దగ్గర కరువు లేదు. మన్ను ఉండ కార్బన్, ముల్లు బంధం. గుచ్చడంలోనే ఉంది పనితనమంతా. ఉండ మూడు ముళ్ల మీద నిలబడాలి, నాలుగోది నిటారుగా పైకి చూడాలి. ఏ మూడింటి మీద నిలబెట్టినా అలాగే ఉండాలి. మన్ను తడిగా ఉంటే ముల్లు వాలిపోతుంది, ఆరితే ఉండ పగులుతుంది.

నాలుగు ఉండలిస్తే కొందరు వరసగా గుచ్చుతారు. ఒకరిద్దరు ఒకటి మధ్యలో పెట్టి చుట్టూ మూడు గుచ్చుతారు. లెక్క అదే: నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. కానీ వరస బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరిగితే, కొమ్మ వేసిన ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 దగ్గరే మరుగుతుంది. వంటగ్యాస్‌లో రెండూ ఉంటాయి. ఐదు కార్బన్లకు మూడు రూపాలు, ఆరింటికి ఐదు, ఏడింటికి తొమ్మిది. పదింటికి 75, అంత మన్ను ఎవరు పిసుకుతారు?

ఏడు దగ్గర ఆగాలి. ఒకే కార్బన్‌కు హైడ్రోజన్, మిథైల్, ఈథైల్, ప్రొపైల్ అని నాలుగు వేర్వేరువి తగిలించాలంటే ఆల్కేన్లలో కనీసం ఏడు కార్బన్లు కావాలి. అప్పుడు ఆ నాలుగింటికి గుర్తుగా ముళ్ల కొసలకు పసుపు, కుంకుమ, సున్నం, బొగ్గు పూయిస్తాను. ఒకరు చేసినదాన్ని అద్దంలో చూసి పక్కవాళ్లు ఆ ప్రతిబింబాన్ని చేయాలి. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టనట్టే, ఆ రెండూ ఎంత తిప్పినా ఒకదానితో ఒకటి సరిపోవు. “రంగులన్నీ ఒగటే గదా సార్, తేడా యాడ వస్తాంది?” అని అడిగిన పిల్లను తిప్పుతూనే ఉండమంటాను. ఇది చేతికి తెలియకుండా ఆ రెండు రూపాలకు పెట్టే ఆర్, ఎస్ గుర్తులు బట్టీ పట్టించే కోచింగుల మీద నాకు గౌరవం లేదు.

ఈ కుడి ఎడమల తేడా చింతపండులోనూ ఉంది. హిందూపురం మార్కెట్‌కు పోయే చింతపండు పులుపులో పెద్ద పాలు టార్టారిక్ ఆమ్లానిదే. చెట్టు దాని కుడి ఎడమల్లో ఒక్క రూపాన్నే తయారుచేస్తుంది. రెండూ కలిసిన ఆమ్లపు లవణాన్ని 1848లో లూయీ పాశ్చర్ స్ఫటికాలుగా కట్టించి, పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. ఒక కుప్ప ద్రావణం ధ్రువిత కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. ఏరడంతో మొదలైన విద్య ఇది.

టీబీ మందు ఇథాంబ్యుటాల్‌దీ ఈ కుడి ఎడమల కథే. 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో అది బయటపడింది. 1948లో కన్నుమూసేదాకా మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపిన చోటది. మందుగా ఇచ్చేది ఒక్క రూపాన్నే. దాని అద్దపు జత టీబీ క్రిమి మీద వందల రెట్లు బలహీనం. మా ఊళ్లో టీబీకి వైద్యం చేసే ఆర్డీటీ ఆసుపత్రి ఉంది కాబట్టి ఆ మందు పేరు విన్న పిల్లలు తరగతిలో ఉంటారు. ఆ మందులో నాలుగు వేర్వేరువి తగిలిన కార్బన్లు, అంటే కైరల్ కార్బన్లు, రెండున్నాయి కనుక నాలుగు రూపాలు రావాలని లెక్కేసుకుని నాలుగూ చేస్తారు. చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి తిప్పితే అవి ఒకటేనని తేలుతుంది. ఆ సంగతి నేను ముందుగా చెప్పను.