చీటీ కింది సగం

మా మానసిక వైద్య ఓపీలో తరచూ వినిపించే మాటలు రెండు. "ఈ మాత్రలు మొదలుపెడితే ఇక జీవితాంతం మింగాల్సిందేనా సార్?" అని అడిగేది ఎక్కువగా చదువుకున్న కుర్రకారు. "ఈ కౌన్సెలింగులూ అవీ మాకెందుకండీ, మంచి మందు రాసిచ్చేయండి" అనేది పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళకి తిరుగు బస్సు తొందర. ఇద్దరూ అడుగుతున్నది మాత్రం సగం వైద్యమే.

అందుకే చీటీ మధ్యలో ఒక గీత గీస్తాను. పైన మందులు, కింద తెలుగులో చేయాల్సిన పనులు. మందుల షాపువాళ్ళు కింది సగం చూసి నవ్వుకుంటారని విన్నాను. నవ్వుకోనీ.

పల్నాడు నుంచి ఒకావిడ వచ్చింది (ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను). నలభై దాటాయి, మిర్చి రైతు కుటుంబం. తల దిమ్ము, ఒళ్ళంతా మంటలు, నిద్ర లేదు. తల స్కానింగ్ అప్పటికే అయిపోయింది. దిగులు అన్న మాట ఆవిడ నోట రాలేదు. మన దగ్గర దిగులు చాలాసార్లు ఒంటి బాధల రూపంలోనే ఆస్పత్రి గడప తొక్కుతుంది. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూశాం. థైరాయిడ్ తగ్గినా మనిషి అచ్చం ఇలాగే మందగిస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ చిన్న డోసుతో మొదలుపెట్టాను.

మాత్ర రాయడానికి అర నిమిషం చాలు. దాని గురించి చెప్పడానికే టైము కావాలి. "మొదటి వారం కడుపులో తిప్పినట్టుంటుందమ్మా, అన్నం తిన్నాక వేసుకోండి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపేయొద్దు, తల తిరుగుతుంది, కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది." ఈ మందుల తీరే అంత. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. ఆ సంగతి చెప్పకుండా పంపితే పదో రోజుకల్లా మాత్రలు అటక ఎక్కుతాయి, డాక్టరు మంచివాడు కాదని ఊళ్ళో తేలిపోతుంది.

ఇక కింది సగం. "ఏమేం పనులు మానేశారమ్మా?" అని అడిగాను. డ్వాక్రా మీటింగుకి పోవడం మానేసింది. నల్లతామర పురుగు పంటను ఊడ్చేసిన ఏడాది వాయిదాలు ఆగిపోయాయి, అక్కడ మొహం చూపించలేకపోయింది. తర్వాత పక్కింటి వదినతో మాటలు, ఆపైన వాకిట్లో ముగ్గు. చీటీలో రాశాను: మొదటి వారం రోజూ సాయంత్రం వదిన ఇంటిదాకా నడక. రెండో వారం మీటింగుకి వెళ్ళి కాసేపు కూర్చుని రావడం, మాట్లాడకపోయినా సరే. "మనసు రావట్లేదయ్యా" అంది. "మనసు తర్వాత వస్తుంది, ముందు కాళ్ళని పోనివ్వండి" అన్నాను.

ఇది నేను కనిపెట్టిన చిట్కా ఏమీ కాదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో ఇదే పని చేయించారు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకు కూడా మేలు జరిగిందని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అమెరికాలో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజి పిల్లల మీద చేసి 2004లో ప్రకటించిన పరిశోధన ఇంకా సూటిగా చెప్పింది. పన్నెండు వారాల తర్వాత చూస్తే, మందూ మాటల చికిత్సా కలిపి అందినవాళ్ళలో 71 శాతం మందికి గుణం కనిపించింది. మందు ఒక్కటే అందినవాళ్ళలో 61, మాటల చికిత్స ఒక్కటే అందినవాళ్ళలో 43, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 35. ఆ 35ని చూసినప్పుడల్లా నాకు కాస్త అహం దిగుతుంది.

ఇంట్లోవాళ్ళ పాత్ర సంగతి మన దేశంలో ఎప్పుడో గ్రహించారు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ళ కుటుంబాలనూ ఉండనిచ్చారు. ఇప్పుడు మా ఓపీలో కుర్చీలే చాలవు. అయినా ఆవిడ భర్తను లోపలికి పిలిచి ఒక్కటే చెప్పాను: "ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉండు అని రోజూ చెప్పకు బాబూ. సాయంత్రం ఆమెతో కలిసి నడువు."

దర్గాకో గుడికో వెళ్తామంటే అడ్డుచెప్పను. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గా ఆవరణలో 'దవా-దువా' పేరుతో మానసిక వైద్యమూ అందిస్తున్నారు. మాత్రలు సంచీలో పెట్టుకుని వెళ్ళండి, అంతే. యోగా కూడా చేయండి, మంచిదే. కానీ చెవిలో మాటలు వినిపిస్తున్నవాడికి ప్రాణాయామం చాలు అని చెప్పేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

లిథియం వాడేవాళ్ళ చీటీలో కింది సగం ఇంకా పెద్దది. బైపోలార్ జబ్బుకి ఎంత గొప్ప మందో, అంత సన్నని గీత మీద నడిచే మందు. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమే. రెంటచింతల ఎండల్లో చెమటపట్టి, నీళ్ళు తాగక, పైగా ఉపవాసం ఉంటే డోసు మార్చకుండానే అది పైకెక్కుతుంది. మోకాళ్ళ నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ చాలు ఎక్కించడానికి. అందుకని మే నెల చీటీల్లో మజ్జిగ, ఉప్పు, నీళ్ళు మానొద్దు అన్న మాట, నొప్పి మాత్రలు వద్దు అన్న మాట, రక్తపరీక్ష తేదీ, అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి.

జీవితాంతమా అన్న ప్రశ్న ఆ పల్నాడు ఆవిడా అడిగింది. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, కోలుకున్నాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు. కోతల ముందు తగ్గిద్దామంది, కూలీల ఖర్చు కదా అని. వద్దన్నాను. పంట యార్డుకి చేరి, అమ్మిన డబ్బు చేతికొచ్చి, డ్వాక్రా బాకీ ఒక కొలిక్కి వచ్చాక మొదలుపెడదాం అని చెప్పి, ఆ మాటే కింది సగంలో రాసిచ్చాను.