రెండో ఓటు అడిగే పని

మా చివ్వెంల మండలంలో ఎమ్మెల్యే ఎన్నికకు సూర్యాపేట సెగ్మెంట్‌లో మీట నొక్కుతాం. పట్టభద్రుల ఎమ్మెల్సీకైతే వరంగల్–ఖమ్మం–నల్లగొండ సీటు కింద కాగితం మీద ప్రాధాన్య క్రమంలో అంకెలు వేస్తాం. 34 అసెంబ్లీ సెగ్మెంట్లు కలిస్తే ఆ ఒక్క సీటు. దాని కోసం పట్టువదలకుండా నిలబడ్డ మనిషి తీన్మార్ మల్లన్న, అసలు పేరు చింతపండు నవీన్.

2015లో కాంగ్రెస్ తరఫున పోటీ చేసి ఓడారు. 2019లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా ఓడారు. 2021లో మళ్లీ ఎమ్మెల్సీకి, అదీ స్వతంత్రుడిగానే. ఆయన మాటతీరు నాకు చాలాసార్లు నచ్చదు. కానీ ఓటడిగే పనిని అంత ఓపిగ్గా చేసినవాళ్లు అరుదు.

ఈ ఎన్నికలో ఆ పని నామినేషన్ కంటే చాలా ముందే మొదలవుతుంది. పాత జాబితా చెల్లదు. ప్రతిసారీ కొత్తగా ఫారం 18 నింపాలి, డిగ్రీ కాపీ జతచేయాలి, పట్టా వచ్చి మూడేళ్లు నిండి ఉండాలి. దురాజ్‌పల్లి గట్టు జాతరలో నాయకులు కనబడి దండం పెట్టడం వేరు, ఫారం పట్టుకొని గడప దాకా రావడం వేరు.

2021లో బ్యాలెట్ మీద 71 పేర్లు. విప్పితే చేతుల్లో పట్టని కాగితం, పక్కన వాళ్లిచ్చిన ఊదారంగు పెన్ను. చాలామంది 1 వేసి మడిచేస్తారు. అందుకే గట్టి అభ్యర్థి మరొకరి మనిషి దగ్గరికీ వెళ్లి, మొదటిది మీవాళ్లకే వేసుకోండి, రెండోది నాకివ్వండి అంటాడు. అలా అడగాలంటే అహం చంపుకోవాలి. నల్లగొండలో నాలుగు రోజులు లెక్కించారు. అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ల కాగితాల్లో 2 ఎవరికి పడిందో చూస్తూ పోయారు. ప్రొఫెసర్ కోదండరాం మూడో స్థానంలో ఆగారు. పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు, మల్లన్న 12 వేల పైచిలుకు ఓట్లతో వెనకబడ్డారు. పార్టీ లేకుండా అంత దూరం వచ్చిన ఆ ఓటమే నాకు ఆయన తర్వాతి గెలుపు కంటే పెద్దది.

పల్లా జనగామ ఎమ్మెల్యే కావడంతో 2024 మేలో ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి కాంగ్రెస్ టికెట్టు, వెనక అధికార పార్టీ. అయినా లెక్క రెండో ప్రాధాన్యం దాకా వెళ్లాకే మల్లన్న గెలిచారు.

ఈ సీటు గడువు 2027 మార్చితో ముగుస్తుంది. మన ఊళ్ల పట్టభద్రులు మళ్లీ ఫారం 18 నింపాలి. 2024లో నమోదైనవాళ్లు కూడా.