ఎసరు తెలిసిన చేయి

గోధుమ పొట్టు కలిపి కేకు చేస్తే గట్టిగా, పొడిపొడిగా వస్తుందని చాలామంది విసుక్కుంటారు. దోషం పొట్టుది కాదు, దానికి ముందుగా నీళ్లు పట్టించకపోవడమే. పొట్టున్న పిండిని లొంగదీయడం ఎట్లాగో చూడాలంటే జడ్చర్లలో జొన్న రొట్టెలు చేసే ఆడవాళ్ల చేతులు చూడాలి. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రహదారి, రాయచూరు నుంచి కోదాడ పోయే రహదారి కలిసే ఊరిది. ఇళ్లలో సరే, పొద్దుగూకితే రోడ్డు పక్క పొయ్యిల మీద కూడా ఆ పనితనం కనిపిస్తుంది.

ఆ పని ఎంత కష్టమో ముందు చెప్పాలి. జొన్న పిండిలో గ్లూటెన్ లేదు, చపాతీ పిండిలా అది సాగదు. పైగా గిర్నిలో జొన్నను పొట్టుతోనే పట్టిస్తారు. పట్టు లేని పిండి, దాన్ని ఇంకా విడగొట్టే పొట్టు. ఈ రెండింటితో అరచేతి కన్నా వెడల్పైన, చిరగని రొట్టె చేయాలి.

అందుకే ఎసరు. నీళ్లు మసిలాక ఉప్పు వేసి, పిండి పోసి, గరిటె కాడతో కలిపి కాసేపు మూత పెడతారు. ఆ వేడికి పిండి ఉబ్బి జిగురు పడుతుంది, పొట్టు నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. గ్లూటెన్ చేయాల్సిన పని ఎసరే చేసి పెడుతుంది. ఆ తర్వాత చేయి కాలే వేడిలోనే, నీళ్లు చిలకరించుకుంటూ అరచేతి అడుగుభాగంతో రుద్ది రుద్ది పిసుకుతారు. ఒకేసారి పిండంతా పిసికి పెట్టుకోరు, ఏ రొట్టెకు ఆ ముద్దే. "పాత పిండైతే రొట్టె ఇరుగుతది బిడ్డా" అని పెద్దమ్మలు ముందే చెప్తారు. గిర్ని నుంచి వచ్చిన కొత్త పిండికి ఉండే జిగి నిలవ పిండికి ఉండదు.

ఇక తట్టడం. పీట మీద పొడి పిండి చల్లి ముద్ద పెడతారు. కుడి చేయి తడుతుంటే ఎడమ చేతి వేళ్లు అంచును ఒత్తి పడుతూ, చీలిక రాకుండా చూసుకుంటాయి. ప్రతి దెబ్బకూ రొట్టె కొద్దిగా తిరుగుతుంది. ఎవరూ తిప్పుతున్నట్టు కనిపించదు, తట్టే దెబ్బలోనే ఆ తిరుగుడు ఉంది. నడుమ ఎంత మందమో అంచూ అంతే మందం. నాకు అన్నిటికన్నా అబ్బురం ఇదే. కొలబద్ద లేదు, అచ్చు లేదు, చేతికి తగిలే స్పర్శ ఒక్కటే లెక్క.

పెంక మీద వేసేటప్పుడు పొడి పిండి అంటిన వైపు పైకి వస్తుంది. వెంటనే తడి గుడ్డతో దాని మీద నీళ్లు పూస్తారు. ఆ తడి సన్నటి పగుళ్లను మూసేస్తుంది, పొడి పిండి మాడకుండా కాపాడుతుంది. తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. పగుళ్లు మూసుకుంటేనే లోపలి ఆవిరి బయటికి పోక, నిప్పుల దగ్గర రొట్టె రెండు పొరలుగా పొంగుతుంది.

ముందే తడి పట్టించాలన్న ఈ ఎసరు సూత్రమే ఓవెన్‌లో గోధుమ పొట్టుకూ వర్తిస్తుంది. అమెరికాలో కెల్లాగ్ కంపెనీ 1916లో గోధుమ పొట్టుతో చేసిన ఆల్‌బ్రాన్ తెచ్చింది. దాన్ని పాలలో నానబెట్టి చేసే మఫిన్లు అక్కడి ఇళ్లలో మామూలయ్యాయి. ఆ నానబెట్టడమే కీలకం. ఎండు పొట్టును నేరుగా మైదాలో కలిపితే అది ఓవెన్‌లో ఉన్నంతసేపూ పిండిలోని తడిని లాక్కుంటుంది, దాని పదునైన అంచులు గ్లూటెన్ పోగులను తెంపుతాయి. వేడి పాలో నీళ్లో పోసి పదిహేను నిమిషాలు ఉంచితే ఆ రెండు బాధలూ తగ్గుతాయి.

కొలత దగ్గర జాగ్రత్త పడాలి. ఒక కప్పు మైదా సుమారు 125 గ్రాములు, ఒక కప్పు గోధుమ పొట్టు 60 గ్రాముల లోపే. కప్పుకు కప్పు మార్చితే పిండి సగానికి తగ్గిపోయినట్టే. మొదట మైదాలో పావు వంతు బరువుకు మాత్రం పొట్టు వేసి, నానడానికి పోసిన పాలు అదనం అనుకోవడం మంచిది. 100 గ్రాముల పొట్టులో 43 గ్రాముల దాకా పీచే ఉంటుంది, కాబట్టి ఆ పావు వంతు తక్కువేమీ కాదు. డబ్బాల్లో దొరికే బ్రాన్ ఫ్లేక్స్ అయితే ముందే ఉడికినవి, చక్కెర, ఉప్పు కలిసినవి. వాటిని చేత్తో నలిపి నానబెట్టి, కేకులో చక్కెర ఆ మేరకు తగ్గించాలి.

పశువుల దాణా దుకాణంలో అమ్మే పొట్టు దీనికి పనికిరాదు. అది మనుషులు తినడానికి శుభ్రం చేసింది కాదు. గిర్నిలో పట్టించిన గోధుమ పిండిని సన్న జల్లెడ పడితే పైన మిగిలే పొట్టు చాలు. దాన్నీ జొన్న పిండిలాగే తాజాగా వాడుకోవాలి. పొట్టుకు అంటుకుని వచ్చే మొలక భాగంలో నూనె ఉంటుంది, నిలవ ఉంటే ముక్క వాసన పడుతుంది.