రొయ్యలకు జలాశయముల ఎంపిక: పటము చెప్పునది, చెప్పనిది

శ్రీలంకలో పెద్ద సహజ సరస్సులు లేవు. అయినను పూర్వపు రాజులు కట్టించిన చెరువులు, నేటి జలాశయములు కలిసి వేలకొలది ఉన్నవి. 12వ శతాబ్దమున పరాక్రమబాహువు పొలొన్నరువలో నిర్మించిన పరాక్రమ సముద్రము వీటిలో ప్రసిద్ధమైనది. సేద్యమునకై నిలిపిన ఈ నీటిలో చేపలతో పాటు మంచినీటి రొయ్యలను కూడ పెంచుచున్నారు. మరి ఇన్ని జలాశయములలో ఏవి రొయ్యలకు అనువైనవి? ఈ ప్రశ్నకు డిజిటల్ పటముల ద్వారా సమాధానము రాబట్టు పద్ధతి అనేక దేశములందు వ్యాప్తిలోనికి వచ్చినది. పద్ధతి ప్రయోజనకరమైనదే. కాని పటము ఇచ్చిన తీర్పును పరీక్షింపకయే అంగీకరించుట శాస్త్రీయము కాదు.

ఎంపిక తప్పినచో నష్టమేమి?

మన గోదావరి, కృష్ణా ప్రాంతములలో నీలకంఠ రొయ్య అని పిలువబడునదే ఈ రొయ్య. ఇది మంచినీటిలో పెరుగును గాని, దీని పిల్లలు తొలిదశలో ఉప్పు కలిసిన నీరు లేనిదే బ్రతుకవు. ఈ సంగతిని 1960 దశాబ్దపు ఆరంభమున మలేషియాలో షావ్-వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన తరువాతనే హేచరీలు సాధ్యమైనవి. కనుక సముద్రమునకు దూరముగా ఆనకట్ట వెనుక నున్న జలాశయములో ఈ రొయ్య సంతతి వృద్ధి కాదు. ఏటేటా పిల్లలను తెచ్చి వదలవలసినదే. తగని చెరువును ఎన్నుకొన్నచో ఆ వ్యయమంతయు నీటిపాలగును. వల వేయు మత్స్యకారుని శ్రమయు వ్యర్థమగును.

పద్ధతి యొక్క స్వరూపము

నూనె కాగితముపై ఒకే ప్రాంతమునకు వేర్వేరు పటములు గీసి, ఒకదానిపై నొకటి పరచినట్లు ఊహింపుడు. ఒకదానిలో నీటి ఉష్ణోగ్రత, వేరొకదానిలో నీటి గుణము, ఇంకొకదానిలో రోడ్లు, హేచరీల దూరము ఉండును. ఇదే పనిని కంప్యూటరు చేయునపుడు దానిని భౌగోళిక సమాచార వ్యవస్థ అందురు. 1960 దశాబ్దమున కెనడాలో రోజర్ టామ్లిన్సన్ దీనికి పునాది వేసెను. ప్రతి అంశమునకు మార్కులు వేసి, దాని ప్రాముఖ్యమును బట్టి హెచ్చించి, మొత్తము కూడుదురు. ఎక్కువ మొత్తము వచ్చిన చోటు అనువైనదని పటముపై రంగు పడును.

మొదటి లోపము: కూడికలోని మోసము

ఒక ఉదాహరణ ఊహించి చూతము. నాలుగు అంశములకు నాలుగేసి మార్కులు గరిష్ఠము. ఉష్ణోగ్రతకు 20 శాతము, నీటి గుణమునకు 30, రాకపోకల వసతికి 20, నీరు నిలుచు కాలమునకు 30 శాతము ప్రాముఖ్యము. మొదటి చెరువుకు మూడు అంశములలో నాలుగేసి మార్కులు వచ్చినవి. కాని రెండు నెలలలో ఎండిపోవును గనుక నాలుగవ దానిలో ఒకటే వచ్చినది. మొత్తము 3.1. రెండవ చెరువుకు అన్నిటిలోను మూడేసి మార్కులు; మొత్తము 3.0. లెక్క ప్రకారము ఎండిపోవు చెరువే మేలైనదని తేలుచున్నది! రొయ్య అమ్మకమునకు తగిన పరిమాణము పొందుటకు కొన్ని మాసములు పట్టును. నీరే లేనిచో చక్కని రోడ్డు దానిని బ్రతికింపగలదా?

ప్రాణావసరమైన అంశములను మార్కులుగా కాక ద్వారములుగా నిలుపవలెను. ద్వారము దాటని చెరువును మొదటనే తీసివేసి, మిగిలిన వాటికే మార్కులు వేయవలెను. ఈ సౌకర్యము ఆ వ్యవస్థలోనే ఉన్నది. లోపము దానిని ఉపయోగింపని వారిది.

ప్రాముఖ్యమును నిర్ణయించుటకు థామస్ సాటీ రూపొందించిన జంటల పోలిక పద్ధతిని వాడుదురు. నిపుణుల అభిప్రాయములు పరస్పర విరుద్ధముగా ఉన్నవా అని అందులో ఒక పరీక్ష కలదు. ఆ పరీక్ష నెగ్గినంత మాత్రమున అభిప్రాయము నిజము కాదు. తప్పును కూడ పొందికగా చెప్పవచ్చును గదా!

రెండవ లోపము: కదలు నీటికి కదలని చిత్రము

ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రములో ఒక్కొక్క గడి సాధారణముగా 30 మీటర్ల చదరము. అనగా ఒక హెక్టారు చెరువు సుమారు 11 గడులకు లోబడును. ఆ గడులలో కొన్ని సగము నీరు, సగము గట్టు. 2015లో ప్రయోగింపబడిన సెంటినెల్-2 చిత్రములో గడి 10 మీటర్లే గనుక అదే చెరువుకు 100 గడులు వచ్చును. కాని గడి చిన్నదైనను నీటి వైశాల్యము తెలియునే గాని లోతు నేరుగా తెలియదు. శ్రీలంక పొడి ప్రాంతములో ఈశాన్య ఋతుపవనముతో నిండిన చెరువు, తూములు తెరచిన పిదప వేసవిలో అడుగంటవచ్చును. డిసెంబరు చిత్రము ఒక్కటే చూచిన వారికి ఆగస్టు సంగతి ఎట్లు తెలియును? పలు సంవత్సరముల చిత్రములను నెలవారీగా పోల్చినగాని సత్యము బయటపడదు.

మూడవ లోపము: గుంటకు జలాశయమునకు గల భేదము

రొయ్యలకు చోటు ఎన్నుటపై 2010లో హొస్సేన్, దాస్ అనువారు బంగ్లాదేశ్‌లోని నోవాఖాలి ప్రాంతమును గురించి ప్రకటించిన పరిశోధన పలువురకు తెలిసినదే. అది భూమిలో సాగుచేయు గుంటలను గూర్చినది. అచ్చట నేల స్వభావమునకు ప్రాముఖ్యమిచ్చుట న్యాయము. ఆ పట్టికనే జలాశయమునకు అన్వయించుట పొరపాటు. గుంటను ఎండగట్టి శత్రువులను తొలగింపవచ్చును. జలాశయములో కొర్రమీను, వాలుగ తప్పవు. గుల్ల విడిచిన మెత్తని రొయ్యను అవి సులభముగా మ్రింగును. వరద వచ్చినపుడు అలుగు మీదుగా రొయ్యలు కొట్టుకొనిపోవుటయు కలదు. అడుగున మునిగిన మోడులున్న చోట వల సాగదు. ఇవేవియు ఉపగ్రహమునకు కానరావు. అచ్చటి మత్స్యకారునికి తెలియును.

గీటురాయి ఏది?

పటమునకు సరియైన పరీక్ష వలలో పడిన బరువు. శ్రీలంకలో డి సిల్వా, అమరసింఘె మున్నగు శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిన కృషి ఇందుకు ఆదర్శము. పరీవాహక ప్రాంతములోని అడవి, పొదల విస్తీర్ణమునకును జలాశయ వైశాల్యమునకును గల నిష్పత్తిని వారు పటముల నుండి కనుగొని, దానిని నిజముగా లభించిన చేపల దిగుబడితో పోల్చి చూచిరి. అది రొయ్యలను గూర్చినది కాకపోయినను, మార్గము సరియైనది. రొయ్యలను వదలిన చెరువులలో ఎన్ని వదలిరి, ఎన్ని దొరికినవి, ఎంత బరువు తూగినవి అను లెక్క వ్రాసి ఉంచినచో రంగుల పటము తప్పొప్పులు తేలును.

తెలంగాణములోను 2017 తరువాత ప్రభుత్వము జలాశయములలో రొయ్యపిల్లలను వదలినది గనుక ఈ విచారణ మనకు దూరమైనది కాదు. ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము తమ ఊరి చెరువు నీటి అంచును నెలకొకసారి గుర్తించి పటము గీయవచ్చును. ఏడాది గడచునప్పటికి వారి చేతిలో పండ్రెండు పటములుండును. ఒక్క పటమును నమ్మి పిల్లలను వదలుటకును, పండ్రెండింటిని పోల్చి వదలుటకును గల భేదము వారికి అప్పుడు తేటపడగలదు.