చుక్క ఎక్కడ పుట్టింది?

బండి కింద నల్లటి మరక కనిపించిందని చెబితే చాలు, మన దగ్గర వెంటనే వచ్చే సలహా ఒకటే: "గ్రేడు పెంచండి సార్, చిక్కటి ఆయిల్ పోస్తే అదే ఆగిపోతుంది." పాత ఓమ్నీ ఉన్నవాళ్లలో ఈ మాట విననివాళ్లుండరు. మా ఇంట్లోనూ ఓమ్నీయే కాబట్టి నేనూ చాలాసార్లు విన్నాను. చిక్కటి ఆయిల్‌తో లీకు ఆగదు. కారడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో మాత్రం తేలకుండానే ఉండిపోతుంది. ఆ చోటు తేల్చుకోకుండా ఆయిల్ డబ్బా మార్చడం దండగ ఖర్చు.

ఓమ్నీ 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది. 1988లో ఓమ్నీ అని పేరు పెట్టారు. 2019లో తయారీ ఆపేశారు. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. స్కూలు పిల్లలు, కూరగాయల బస్తాలు, పెళ్లివారి సామాను, అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగులు... మన ఊళ్లలో ఈ బండి మోయని బరువు లేదు. ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. కాస్త దూరం పోగానే ఆ సెగ కూర్చున్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. గాలి సరిగా ఆడని ఆ చోట, మన ఎండల్లో, ఏళ్ల తరబడి వేడికి మగ్గి రబ్బరు సీళ్లు, ప్యాకింగ్‌లు గట్టిపడి పెళుసెక్కుతాయి. పాత ఓమ్నీ ఆయిల్ కారుస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. దానికి ఇంజన్ బోరుకొచ్చిందని బెంబేలెత్తక్కర్లేదు.

ఆయిల్ కారిన చోటు ఒకటి, చుక్క రాలే చోటు ఇంకొకటి. పైన ఎక్కడో సన్నగా చెమర్చిన ఆయిల్ ఇంజన్ ఒంటి మీదుగా జారుతుంది. బండి కదులుతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. చివరికి ఇంజన్ అడుగునున్న ఆయిల్ చాంబర్ అంచునో, బోల్టు కొననో పట్టుకుని కింద పడుతుంది. అందుకని వెతకాల్సింది మరకకు సూటిగా పైన కాదు, తడి ఉన్న చోట్లన్నిటిలోకీ ఎత్తుగా, ముందువైపుగా ఉన్న చోట.

మా బండి విషయంలో ఒక షెడ్డువాళ్లు చూసీ చూడగానే తేల్చేశారు: వెనక క్రాంక్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర చుక్కలు వేలాడుతున్నాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. ఇంకో షెడ్డులో ఒక పెద్దాయన మాత్రం పానా పట్టుకోలేదు. "ముందు కడగనివ్వండి బాబూ, మురికిని చూసి జోస్యం చెప్పకూడదు" అన్నారు. సీటు ఎత్తి, మూత తీసి, కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో ఇంజన్ పైనుంచి కిందికి తోమారు. గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టారు. ఆ తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి హెడ్ కవర్ అంచుల మీద, వెనక భాగం మీద పలచగా చల్లారు. కాసేపు బండి తిప్పుకుని వచ్చి టార్చి వేసి చూశాం. తెల్లటి పొడి మీద ముదురు గీత ఒకటి స్పష్టంగా దిగి ఉంది. అది హెడ్ వెనక, డెల్కో అని పిలుచుకునే డిస్ట్రిబ్యూటర్ మొదట్లో మొదలై, గేర్‌బాక్స్ తొడుగు మీదికి జారింది. అక్కడున్నది చిన్న రబ్బరు ఓ-రింగ్. ఎండిపోయి ప్లాస్టిక్‌లా అయిపోయింది. గేర్‌బాక్స్ దించే పని లేకుండా, ఆ రింగు మార్చి, ఇగ్నిషన్ టైమింగ్ మళ్లీ సరిచేస్తే సరిపోయింది.

కార్బురేటర్ ఓమ్నీల్లో ఇది తరచూ మోసం చేసే లీకు. వెనక సీల్ నిజంగా పోతే వేరే ఆనవాళ్లుంటాయి. ఆయిల్ క్లచ్ ప్లేటుకు తగిలితే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. చుక్క వాసన కూడా చూడాలి. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటైన కంపు ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు ఉండదు. రెండూ కలిసే చోట ఈ తేడా బాగా పనికొస్తుంది.

మిగతా చోట్లు తొందరగానే చెప్పుకోవచ్చు. హెడ్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, చాంబర్ ప్యాకింగ్, డ్రైన్ బోల్టు వాషరు. ముందువైపు క్యామ్ సీల్, క్రాంక్ సీల్ కారితే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆ ఆయిల్ టైమింగ్ బెల్టును తడిపి పాడుచేస్తుంది, బెల్టు తెగితే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

హెడ్ కవర్ కారుతుంటే బోల్టులు ఇంకా బిగించడం, చుట్టూ సిలికాన్ పేస్టు దట్టంగా పులమడం మన షెడ్లలో రోజూ చూసేదే. రెండూ తప్పే. అతిగా బిగిస్తే ప్యాకింగ్ నలిగి, కవర్ అంచు వంగుతుంది. లోపలికి పొంగిన పేస్టు ముక్కలై రాలి, చాంబర్‌లో ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడగలదు. అంచు శుభ్రంగా గీకి కొత్త ప్యాకింగ్ వేయడానికి పట్టే సమయం పెద్దదేమీ కాదు.

సీల్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ కారుతోందంటే తప్పు సీల్‌ది కాకపోవచ్చు. పిస్టన్ పక్కనుంచి కిందికి జారే గ్యాసు బయటికి పోవడానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది జిడ్డుతో మూసుకుపోతే ఆ ఒత్తిడి ఆయిల్‌ను ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి బయటికి తోస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూడండి. బుస్సుబుస్సుమని పొగ కొడితే అది మెకానిక్‌లు చెప్పే బ్యాక్ కంప్రెషన్. ముందు గొట్టం శుభ్రం చేయించాలి. అప్పటికీ తగ్గకపోతే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. ఆయిల్ తగ్గుతూ నేల మీద మరక లేకపోతే సైలెన్సర్ చూడాలి. పొద్దున్న స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు.

ఇక ఆయిల్ సంగతి. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని చూసి 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీల ఎండ వరకు అని అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. అవి డిగ్రీలు కావు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పేది. 20డబ్ల్యూకు ఇంజన్ తిరిగే పరీక్ష సున్నాకు 15 డిగ్రీల కింద పెడతారు. లంబసింగిలోనూ మనకు అంత చలి రాదు. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం. 40 గ్రేడుకు 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల లోపు, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9 లోపు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ బండి మాన్యువల్ ఏ గ్రేడు చెబితే అదే మొదటి మాట. మంచి స్థితిలో ఉన్న పాత కార్బురేటర్ ఓమ్నీకి మన ఎండల్లో 20డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్, వేళకు మారిస్తే, చాలు. 20డబ్ల్యూ-50 వేరే జబ్బుకు మందు: ఇంజన్ అరిగి ఆయిల్ తాగుతున్నప్పుడు, వేడెక్కాక ఐడ్లింగ్‌లో డాష్‌బోర్డు మీది ఆయిల్ ఎర్ర లైటు మినుకుమంటున్నప్పుడు. అదీ ఆయిల్ ప్రెషర్ కొలిపించాకే. సింథటిక్ పోస్తే లీకులు పుడతాయన్న భయం అనవసరం. అప్పటికే పాడైన సీల్ దగ్గర గడ్డకట్టిన జిడ్డు కరిగి, దాగిన లీకు బయటపడొచ్చు, అంతే. కానీ ఆ అదనపు డబ్బు ముందు సీళ్ల మీద పెట్టమంటాను. కొత్త ప్రమాణాల ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ తగ్గించారని, పాత ఇంజన్‌కు పడదని ఇంకో మాట ఉంది. ఆ ఫాస్ఫరస్ పరిమితి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడులకే, 20డబ్ల్యూ-40కి కాదు.

ఆ ఎర్ర లైటు గురించి కూడా ఒక మాట. అది ఆయిల్ మట్టం చూపదు, ప్రెషర్ పడిపోయాకే వెలుగుతుంది. బండి నడుస్తుండగా వెలిగి అలాగే ఉందంటే వెంటనే ఇంజన్ ఆపేయాలి. మట్టం చెప్పేది డిప్‌స్టిక్ ఒక్కటే. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిలే తక్కువ, కాబట్టి కొంచెం తగ్గినా లెక్కే. వారానికోసారి, చదునైన చోట, ఇంజన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. పై గీత దాటి పోయకండి. ఎవరైనా మీ వ్యాన్ గేర్‌బాక్స్ దించాలంటే, ముందు ఇంజన్ కడిగి, ఆరబెట్టి, ఆయిల్ ఎక్కడ పుడుతోందో మీ కళ్లకు చూపించమనండి. చూపించాకే పని మొదలుపెట్టనివ్వండి.