నివ్వరిని గుర్తుపట్టే చూపు

కృష్ణా డెల్టాలో నాట్లు పడిన రెండు మూడు వారాలకు కలుపు తీసే ఆడవాళ్లు మడిలోకి దిగుతారు. వరి దుబ్బులోంచి ఊద మొక్కను ఏరే వాళ్ల చేతివాటం చూసి తీరాలి. రెండిటిదీ ఒకటే పచ్చదనం, ఒకటే ఎత్తు, ఒకటే కోల ఆకు. అయినా చెయ్యి తడబడదు. ఆకు కాండాన్ని వదిలి పక్కకు వాలే మెడ దగ్గర వరికి పల్చటి తెల్లపొర ఒకటి నాలుకలా నిలబడి ఉంటుంది. దాని పక్కనే నూగుతో రెండు బుల్లి చెవులు. ఊదకు నాలుకా లేదు, చెవులూ లేవు. మెడ నున్నగా ఉంటుంది. వృక్షశాస్త్రం చదివే పిల్లలకు భూతద్దం ఇచ్చి మొదట చూపించేదీ ఈ మెడనే.

గడ్డిజాతుల కుటుంబంలో ప్రపంచమంతటా పదకొండు వేలకు పైగా జాతులున్నాయి. వరి, జొన్న, చెరకు, వెదురు, గరిక అన్నీ ఆ ఇంటివే. వీటి పువ్వులకు రంగు రేకులుండవు, వాసనా ఉండదు. అందుకే గడ్డిని పోల్చుకోవాలంటే కణుపు, మెడ, వెన్ను, గింజకున్న ముల్లు, వేరు తీరు ఒక్కొక్కటిగా చూడాల్సిందే. 1921లో కె. రంగాచార్యులు దక్షిణ భారత గడ్డి మొక్కల మీద మద్రాసు నుంచి ఇంగ్లిషులో తెచ్చిన కరదీపిక ఈ చూపును నేర్పిన పుస్తకాల్లో ఒకటి.

ఊద ఎంతైనా పరాయిది. అసలు చిక్కు వరికి సొంత చుట్టమైన నివ్వరితోనే. చెరువు అంచుల్లో, బాడవల్లో, వానకు నిండి వేసవికి ఎండిపోయే గుంటల్లో ఇది తనంతట తానే మొలుస్తుంది. గింజకు పొడవాటి ముల్లు, ముదురు రంగు పొట్టు, లోపల తరచుగా ఎర్ర బియ్యం. పండీ పండగానే రాలిపోతుంది. శాకుంతలంలో దుష్యంతుడు ఆశ్రమం దగ్గరపడిందని పోల్చుకున్నది చిలకలున్న తొర్రల నుంచి చెట్ల కింద రాలిన నీవార ధాన్యం, అంటే ఈ నివ్వరి గింజలు చూసే. నారాయణ సూక్తంలో సన్నదనానికి పోలిక ఈ గింజ ముల్లే. నాగలి పెట్టని నేలలో పండింది కనుక మునుల భోజనమైంది.

దీన్ని ఆధునిక శాస్త్రం కోసం శ్రద్ధగా నమోదు చేసిన తొలివారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు. స్కాట్లండ్‌కు చెందిన ఈ వైద్యుడు 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో పనిచేశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, వాటి పక్కన తెలుగు పేర్లు రాసుకున్నాడు. సర్కారు జిల్లాల్లో సరస్సుల అంచున పెరిగే అడవి వరిని తెలుగువాళ్లు నివ్వరి అంటారనీ, సాగు వరికి మూలం ఇదేననీ తేల్చాడు. దిగుబడి తక్కువని ఎవరూ పండించరట, కానీ రుచి తెలిసిన సంపన్నులు ఎక్కువ ధర పెట్టి కొంటారట. సర్కారు జిల్లాల సరస్సులంటే డెల్టా పాఠకుడికి ముందు మెదిలేది కొల్లేరే.

అయినా నివ్వరికి విడిగా శాస్త్రీయ నామం దక్కడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి దీన్ని వేరే జాతిగా వర్ణించి ‘ఒరైజా నివార’ అని పేరు పెట్టారు. మన పల్లె పేరుకు లాటిన్ పుస్తకంలో చోటు దొరికిందన్న మాట. అంతకు ముందు దీన్ని ‘ఒరైజా రూఫిపోగాన్’ అనే మరో అడవి వరితో కలిపేసేవారు. రూఫిపోగాన్ లోతు నీటిలో ఏళ్ల తరబడి బతుకుతుంది, నివ్వరి ఏటా గింజ నుంచి మొలుస్తుంది. రూఫిపోగాన్ పుప్పొడి తిత్తులు పొడుగు, పరపరాగ సంపర్కం ఎక్కువ. నివ్వరి తిత్తులు పొట్టి, సాధారణంగా మూడు మిల్లీమీటర్ల లోపే. అందుకే నమూనా సేకరించేవాళ్లు వెన్ను ఒక్కటే తుంచకుండా మొక్కను వేళ్లతో సహా పెకలిస్తారు. వేరు చూస్తేనే ఏడాది మొక్కో, బహువార్షికమో తెలుస్తుంది.

పుస్తకంలో ఇంత స్పష్టంగా ఉన్నది గట్టు మీద కలగాపులగం అవుతుంది. సాగు వరికీ, ఈ రెండిటికీ క్రోమోజోములు 24 చొప్పునే. వరి పువ్వు మామూలుగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. వందలో ఒక పువ్వుకు బయటి పుప్పొడి అందినా సంకరం పుట్టేస్తుంది. సంకరపు గింజ మడిలో రాలి, మట్టిలో నిద్రపోయి, మరుసటేడు పంటతోపాటే లేస్తుంది. డెల్టా రైతులు విత్తనపు చేలో ఏరిపారేసే కేళీల్లో ఇలాంటివీ ఉంటాయి. వరుసల్లో నాటిన చేలో దారి తప్పి మొలిచింది కంటికి ఆనుతుంది, వెదజల్లిన చేలో ఆ ఆనవాలు ఉండదు.

మధ్య పరగణాల్లో జరిగిన కథ దీనికి మంచి ఉదాహరణ. అడవి వరిని తేలిగ్గా ఏరడానికి అక్కడ ఊదారంగు ఆకుల వరి రకాలు వేశారు. పచ్చగా కనిపించిందల్లా కలుపే కదా! కొన్నేళ్లు గడిచేసరికి సంకరాల వల్ల అడవి వరికీ ఊదారంగు వచ్చేసింది. రైతు కన్ను కనిపెట్టిన గుర్తును గడ్డి తానే తొడుక్కుంది.

మరి సంకరాన్ని పట్టేదెలా? అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఎడ్గార్ ఆండర్సన్ 1949లో అచ్చయిన పుస్తకంలో వివరించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ముల్లు పొడవు, పొట్టు రంగు, గింజ రాలే తీరు వంటి లక్షణాలు ఎంచుకుని, అచ్చం సాగు వరిలా ఉంటే సున్నా, మధ్యస్థమైతే ఒకటి, అడవి తీరుకు రెండు మార్కులు వేస్తారు. ఒక గట్టున దొరికిన మొక్కల మొత్తాలన్నీ రెండు కొసల దగ్గరే గుమిగూడితే అక్కడ కలయిక జరగనట్టు. మధ్యలో పరుచుకుంటే జరిగినట్టే. ఇంకా గట్టి సాక్ష్యం విత్తి చూడటం. కలవని మొక్క పిల్లలు ఒకే పోలికలో వస్తాయి. సంకరపు మొక్క పిల్లల్లో ముల్లున్నదీ లేనిదీ, ఎర్రదీ తెల్లదీ అన్నీ ఒక మడిలోనే తేలతాయి. ఈ రోజుల్లో డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి గానీ, ఏ మొక్కను పరీక్షకు పంపాలో చెప్పేది ఇప్పటికీ కన్నే.

ఈ ఓపికకు ఫలం అన్నం గిన్నెలోకే వచ్చింది. గడ్డికురచ తెగులు ఆసియా వరిని పీడిస్తున్న రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలు వెతికితే, తట్టుకునే గుణం ఉత్తరప్రదేశ్ నుంచి తెచ్చిన ఒక నివ్వరి నమూనాలో దొరికింది. 1976లో విడుదలై కోటి హెక్టార్లకు పాకిన ఐఆర్ 36లో ఉన్నది ఆ గుణమే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204)కి బాక్టీరియా ఆకు ఎండు తెగులు బలహీనత. ఆఫ్రికా అడవి వరి ‘ఒరైజా లాంజిస్టామినేటా’ నుంచి వచ్చిన జన్యువుతో పాటు మరో రెంటిని చేర్చి హైదరాబాద్ శాస్త్రజ్ఞులు తయారుచేసిన మెరుగైన సాంబ 2008లో వచ్చింది. కృష్ణ ఇసుక దిబ్బల మీద తెల్లగా ఊగే రెల్లుదీ ఇలాంటి చరిత్రే. దాన్ని చెరకుతో కలిపి కోయంబత్తూరులో తీసిన సీఓ 205 రకం 1918లో రైతుల చేతికి అందింది.

గట్టు మీది నివ్వరికి ఉన్న విలువ విత్తన భాండాగారంలో దాచిన గింజకు పూర్తిగా ఉండదు. అక్కడ గింజ భద్రంగా ఉంటుంది, కానీ పక్క చేను పుప్పొడి దానికి అందదు. గుంటలు పూడ్చి ప్లాట్లు వేసిన చోట, కొల్లేరులా చేపల చెరువులు తవ్విన చోట ఆ కలయికే ఆగిపోతుంది. అందుకే డెల్టా గట్లను ఇప్పుడే, ఊరు వెంట ఊరుగా నడిచి చూడాలి.

అలా వెళ్లేవాళ్లు పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. గింజ పాలు పోసుకోగానే వెన్నుకు పల్చటి గుడ్డ సంచి తొడిగి, మొదలు దగ్గర దారంతో వదులుగా కట్టి రావాలి. పూర్తిగా పండాక కోసుకుందామని వదిలేస్తే, వారం తర్వాత మళ్లీ వెళ్లేసరికి ఆ వెన్నుకు ముల్లూ ఉండదు, గింజా ఉండదు.